బావ పంపిన వూఫరు, మేం పట్టిన కిటికీలు

ఆ రోజులల్ల పాటంటే చెవులకు ఇనవడితే సాలదు, ఛాతిల గుద్దినట్టుండాలె అని నాకొక గట్టి నమ్మకం. వయసు అసొంటిది. కోరుట్ల నుంచి రోజూ బస్సుల జగిత్యాలకు పోయి ఓ సెల్‌ఫోన్ల దుకాణంల పనిచేస్తుంటి. స్పీకర్ల సంగతి నాకంటె తెలిసినోళ్లు మా ఇంట్ల లేరనుకుంటుంటి (నాకు తెలిసిందంత డబ్బల మీద రాసి ఉన్నదే). గప్పుడే మస్కట్‌ల ఉండే మా బావ, అంటే అక్క పెనిమిటి, ఎవలో అచ్చేటాయనతోని ఓ హోమ్ థియేటర్ పంపిండు. పాట పెట్టంగనే వూఫరు దడ్‌మన్నది. ఆ ఎంబడే స్టాండుల స్టీలు గిన్నెలు గలగలమన్నయ్, కిటికీ అద్దం జిర్రుమన్నది, షోకేసుల బొమ్మలు నడుసుకుంట ముందలికచ్చినయ్. మా బాపమ్మ, బాపు వాళ్ల అమ్మ, "భూకంపం! ఉరుకుండ్రి!" అని ఒక్కతే వాకిట్లకు ఉరికింది. "గీ డబ్బన్న ఉండాలె, నా గిన్నెలన్న ఉండాలె" అన్నది అమ్మ.

కష్టమేందంటే, పెండ్లయినంక మొదటిసారి బావ సెలవు మీద వస్తున్నడు. "అక్కడ ఒక్క రూముల అందరుంటరట, పాట పెద్దగ పెట్టుకోనియ్యరట. మనింట్లనన్న తనివితీర ఇందామని పంపిండు" అని అక్క కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. ఇగ నేను నడుం కట్టిన. వీడియోలు జూసి వూఫరును గోడకు దూరం జరిపిన, కింద పరుపు ఏసిన. వూఫరు సుఖంగ పండుకున్నది గని గిన్నెలు ఊకోలే. సిరిసిల్లల మగ్గాలు నడిపే మా మేనమామ "మగ్గాల కిందేసే మందపు రబ్బరు పంపుతున్న, ఏనుగు ఎగిరినా కదలది" అన్నడు. అది ఏసినంక నేల వణుకుడు తగ్గింది. జిర్రుమనుడు మాత్రం అట్లనే ఉన్నది.

బావ రానే అచ్చిండు. సోఫల కూసొని "ఏదీ, పెట్టు పిల్లా" అన్నడు. నేను అందరికీ ముందే పనులు పంచిన. బాపు కిటికీకి ఆనుకున్నడు, అమ్మ గిన్నెల స్టాండు పట్టుకున్నది, అక్క బీరువ తలుపుకు ఒరిగింది, బాపమ్మ గ్లాసుల ట్రే అదిమిపట్టింది, నేను రిమోటు నొక్కి షోకేసును కావలిచ్చుకున్న. ఒక్క గిన్నె మోగలే! బావ కండ్లు మూసుకొని తల ఊపుకుంట, నడుమ తెరిసి జూసిండు.

"గట్ల గోడలకు అతుక్కున్నరేంది? అచ్చి కూసోండ్రి."

"మాకు నిలవడి ఇనుడే అలవాటు" అన్నడు బాపు.

అంతట్ల బాపమ్మకు పొయ్యి మీది చాయ్ యాదికొచ్చి ట్రే ఇడిసింది. గ్లాసులన్నీ గొల్లుమన్నయ్. "అయ్యో, నా డ్యూటీ!" అని మళ్ల ఉరికింది.

బావకు సమజైంది. బందు చెయ్యమంటడేమోనని నేను షోకేసును ఇంకింత గట్టిగ పట్టుకున్న. ఆయనేమో కండ్లెంబడి నీళ్లచ్చేదాక నవ్వి, బాపమ్మను తెచ్చి సోఫల కూసోవెట్టి, ట్రే తనే పట్టుకున్నడు. "ఇగ ఇంకింత పెద్దగ పెట్టు!"

బాపమ్మ ఒక్కతే కాళ్లు ముడుసుకొని మహారాణి లెక్క పాటంత ఇన్నది. అయినంక "మంచిగనే ఉన్నది కొడుకా. గని జర చిన్నగ పెడితే ఎవ్వలు ఏం పట్టుకునే పనే ఉండది గదా?" అన్నది. గా సంగతి మాకెవ్వలకు తోచలే.

షోకేసు అద్దానికి చెంప ఆనిచ్చి, ఇంటి పరువంత తన చేతులల్లనే ఉన్నట్టు నిలవడ్డ ఆ పిల్ల యాదికొస్తే ఇప్పటికీ నవ్వస్తది. ఇప్పుడు నన్ను గట్ల దేన్నన్న పట్టుకొమ్మంటే, ముందుగాల కుర్చీ ఏడున్నదో జూసుకుంట.