మామగారి మొహంలో మచ్చలు

మా మామగారి మొహం నిండా స్ఫోటకం మచ్చలుండేవి. ఎనభైల్లో నేను కోడలిగా నరసరావుపేట వచ్చేనాటికే ఆయనకు మతిమరుపు మొదలైంది. భోంచేసి చెయ్యి కడుక్కుని, కోడలు ఇంకా అన్నం పెట్టలేదని వీధి వీధంతా వినిపించేట్టు చెప్పేవారు. ఒకరోజు పత్తి కొట్టుకని బయల్దేరి ఏదో బస్సెక్కేశారు. తిరిగి రాలేదు.

కరపత్రాలు వేయిద్దామని మా ఆయన ఫోటో పట్టుకుని ప్రెస్సుకు బయల్దేరాడు. నేనూ వెళ్లాను. అప్పట్లో ఫోటో అచ్చు కావాలంటే గుంటూరులో లోహపు బ్లాకు చేయించాలి. మొహాన్ని చుక్కలుగా విడగొడతారు. ఆ చుక్కలు పెద్దవి కావాలో సన్నవి కావాలో మనమే ముందు చెప్పాలి.

"పెద్ద చుక్కయితే నాసి కాగితం మీద కూడా మొహం తేటగా పడిద్ది," అన్నాడు ప్రెస్సాయన. "సన్న చుక్కకి ఆర్ట్ పేపరు ఉండాల. లేకపోతే ఇంకు నిండి మసైపోద్ది."

"మరి మచ్చలు?" అన్నాను.

"పెద్ద చుక్కలో మచ్చలు నిలవవమ్మా. నున్నగా వస్తది."

మా ఆయన మొహం వెలిగింది. "అట్టాగే కానీయండి. నలుగురూ చూసేది, కాస్త బాగుండాల గదా."

"మీ నాన్నను వెతికిస్తున్నారా, పెళ్లిచూపులకు పంపిస్తున్నారా?" అన్నాను. కొత్త పెళ్లానికి నోరెక్కువని ఆయనకు ఆరోజే తెలిసింది. బ్లాకు మాత్రం పెద్ద చుక్కలతోనే వచ్చింది.

మాచర్ల దాకా బస్టాండుల్లో అంటించాం. మనుషులు రావడం మొదలైంది. గురజాల వైపు నుంచి ఒకాయన్ని తెచ్చారు. పాపం, తన ఊరికి తాను పోతుంటే బస్సులోంచి దించి తెచ్చారట. బొల్లాపల్లి నుంచి వచ్చినాయన మా వరండాలో కూర్చుని, ఇంతకీ తప్పిపోయిందెవరని నన్నే అడిగాడు. తెచ్చినవాళ్లను అనడానికి లేదు. ఆ కరపత్రంలో మొహం మా ప్రాంతంలో అరవై దాటిన సగంమందికి సరిపోతుంది.

వచ్చిన ప్రతివాళ్లకీ అత్తగారు అన్నం పెట్టించేది. గుమ్మంలో అలికిడైతే చాలు, ఆశగా లేచేది. చూసి, లోపలికెళ్లి ఏడ్చేది. చదువు రాదు గదా అని ఎవరూ ఆమెకు కరపత్రం చూపించలేదు. ఒకరోజు నేనే చేతిలో పెట్టాను.

"ఎవరే ఈయన?" అంది. చెప్పాను. ఆమె కొడుకును కేకేసింది.

"ఒరేయ్, మచ్చలేయిరా? అయ్యి చూసే గదా మీ నాయన్ని ఎవరైనా పట్టుకునేది!"

మళ్లీ బ్లాకు చేయించాం, సన్న చుక్కలతో. ప్రెస్సులో శుభలేఖలకని తెచ్చిన ఆర్ట్ పేపరు మీద కొట్టించాం. కొద్దిగానే వచ్చాయి గానీ ప్రతి గుంటా పడింది.

నూజెండ్లలో ఒక టీకొట్టు అతను అది చూసి వెంటనే కబురు పంపాడు. మా ఆయన పరుగెత్తాడు. నున్నటి కరపత్రం ఆ కొట్టు గుంజకే అంటించి ఉంది. మామగారు రోజూ దానికిందే కూర్చుని టీ తాగుతున్నారట.

ఇంటికొచ్చాక ఆయనకు రెండు కరపత్రాలూ చూపించాం. ఆయన మొదటిది తీసుకుని చానాసేపు చూశారు.

"ఇందులో బాగున్నా. పటం కట్టించండి," అన్నారు.

అత్తగారు దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుంది.

"దీన్ని చూసి ఒక్కడన్నా నిన్ను ఇంటికి తెచ్చాడా?" అని, మా అందరి ముందే ఆయన చెంపల మీద చెయ్యేసి, ఒక్కో గుంటా తడిమి చూసుకుంది.