తల్లి మొసలికి ఎన్ని ప్రాణాలు

ఆదివారం దగ్గరపడుతోందంటే మంజుకు తలనొప్పి మొదలయ్యేది. అలాగని ఆదివారం లేకపోతే వారంలో మిగతా రోజులు ఎందుకున్నాయో తెలిసేది కాదు.

దీవిలో గరాచర్మ అనే ఊళ్ళో, హిమబిందు వాళ్ళ వరండాలో ఆమె, పృథ్వీ, భానుప్రకాష్ ముగ్గురూ ఆడేవారు, మంజు ఆడించేది. ఓడలో పనిచేసే మంజు మేనమామ జోగులు ఎక్కడినుంచో ఒక ఇంగ్లీషు ఆటపుస్తకం, ఇరవై ముఖాల పాచిక తెచ్చి ఇంట్లో పడేశాడు. అందులో ఒక్కొక్కరు ఒక్కో వీరుడై మాట్లాడాలి. దెబ్బ తగిలిందో లేదో, తగిలితే ఎన్ని ప్రాణాలు పోయాయో పాచిక చెబుతుంది. దారిలో ఎదురయ్యే మృగాలన్నీ ఆడించే మనిషి చేతిలో ఉంటాయి. సునామీ తరువాత రేకుల షెడ్డులో తమ్ముణ్ణి చూసుకుంటూ ఏడో తరగతితో బడి మానేసిన మంజు, నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పుస్తకాన్ని నాలుగు నెలలు చదివింది. అర్థమైనదంతా తెలుగులో ఒక పొడుగు నోటుబుక్కులోకి దించుకుంది. ఆడించే మనిషిని పుస్తకంలో మాస్టర్ అన్నారు కాబట్టి ముగ్గురూ ఆమెను ‘మాస్టర్ దీదీ’ అనేవారు. ఇరవై రెండేళ్ళు వచ్చినా ఆమెను అంత పెద్ద పేరుతో పిలిచినవాళ్ళు వేరే ఎవరూ లేరు.

కొట్లాట వచ్చేదాకా ఆట బాగానే నడిచేది. ఒకసారి నలభై ప్రాణాలిచ్చి రాకాసి మడపీతను పెట్టింది. పీత ఒక దెబ్బ వేసేలోపు ముగ్గురూ తలా ఒకటి వేశారు. రెండో వంతుకే అది వెల్లకిలా పడింది. దాని కోసం వారమంతా రాసుకున్న బెదిరింపులు నోటుబుక్కులోనే మిగిలిపోయాయి. ఆ కోపంతో మరుసటి వారం ఏడు జెర్రుల్ని వదిలింది. ఏడూ కలిసి వంతుకు ఏడుసార్లు కరిచాయి. ఒక్కటి పెడితే అది చస్తుంది, ఏడు పెడితే వీళ్ళు చస్తారు, మధ్యలో ఎక్కడ ఆగాలో ఆ ఇంగ్లీషాయన ఎంత రాసినా చెప్పలేదు.

చివరికి మంజు రబ్బరు పట్టుకుంది. ముగ్గురూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ ఒక్కరికీ తెలుగు అక్షరాలు రావు, మంజు అంకెలను కూడా అక్షరాల్లోనే రాసేది. నోటుబుక్కు వాళ్ళ ముందే తెరిచి ఉంచి, మిగిలిన జెర్రుల ప్రాణాలు చెరిపి తగ్గించేసింది. గెలిచామని ముగ్గురూ గంతులేశారు. తుష్నాబాద్ నుంచి బస్సెక్కి వచ్చే పృథ్వీ అయితే కాలేజీలో వారమంతా అదే కథ చెప్పాడు.

ఈ ఆదివారం తల్లి మొసలి. అరవై ప్రాణాలు, వంతుకు రెండు దెబ్బలు, చుట్టూ రెండు పిల్లలు. మూడు రాత్రులు లెక్క వేసి కుదిర్చింది. పాచికకు ఆ లెక్కతో పనేముంది? పృథ్వీ గొడ్డలి వరసగా మూడుసార్లు గాలిని నరికింది. మొసలి తోక ప్రతిసారీ తగిలింది. హిమబిందు ఆడే వైద్యురాలు రెండు ప్రాణాలతో బురదలో పడింది. మొసలికి ఇంకా ఇరవై ఎనిమిది ఉన్నాయి.

మంజు మెల్లగా రబ్బరు తీసింది.

వెనక పీట మీద హిమబిందు నాయనమ్మ తాయారమ్మ రొయ్యలు ఒలుస్తోంది. ఆవిడ శ్రీకాకుళం జిల్లాలో అయిదో తరగతి చదివింది.

"ఏటే మంజూ, ఇరవై ఎనిమిది తుడిపేసి పది ఎట్టినావు? ఆ మొసలికేటైనాది?"

ముగ్గురి చూపూ రబ్బరు మీద పడింది.

"దీదీ," అన్నాడు పృథ్వీ, "జెర్రులు కూడా?"

మంజు తల దించుకుంది. "చివరి మూడూ."

"అరే యార్! కాలేజ్ మొత్తం చెప్పాను! చీటింగ్ చేసి గెలిపించావా? మేమేం చిన్నపిల్లలమా?"

"తగ్గిత్తే తప్పేట్రా? మీరు సచ్చిపోతారని భయం దానికి," అంది తాయారమ్మ.

"నువ్వుండు మామ్మా!" అంది హిమబిందు. "నేను చస్తే చస్తాను దీదీ. రాసింది రాసినట్టు పెట్టు. లేదంటే నేనిక ఆడను."

పృథ్వీ అప్పటికే సంచి భుజానికి తగిలించుకున్నాడు. మంజు పది చెరిపి, కాగితం చిరిగేలా ఒత్తి ఇరవై ఎనిమిది రాసింది. తాయారమ్మ వంగి చూసి, "ఆఁ, ఇరవై ఎనిమిదే," అని సాక్ష్యం చెప్పింది. పృథ్వీ సంచి దించకుండానే కూర్చున్నాడు.

భానుప్రకాష్, "కొండెక్కేద్దాం," అన్నాడు.

ఆ మాట ఆ ముగ్గురికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. సునామీకి ముందు సముద్రం వెనక్కి తగ్గిన పొద్దున ముగ్గుర్నీ ఎవరో ఒకరు చంకనేసుకుని కొండ మీదికి పరిగెత్తారు.

"పరిగెత్తడానికి రూల్ లేదు," అంది మంజు నీరసంగా. ఎనభై పేజీల్లోనూ కొట్టడం, చావడం తప్ప ఆమె ఏమీ రాసుకోలేదు.

"ఇప్పుడు రాయి. రబ్బరుతో పాటు పెన్సిల్ కూడా ఉందిగా?" అన్నాడు పృథ్వీ వెటకారంగా.

మంజుకు ఒళ్ళు మండింది. "సరే. హిమబిందును మోస్తూ ఎక్కాలంటే పాచిక పన్నెండు దాటాలి. తగ్గితే ఇద్దరూ మొసలి నోట్లోకే. మామ్మా, నువ్వే చూడు."

పృథ్వీ పాచికను అరచేతుల మధ్య చాలాసేపు గిలకొట్టి వేశాడు. అది గచ్చు మీద దొర్లి రొయ్యల పొట్టులో ఆగింది. నలుగురి తలలూ ఢీకొన్నాయి.

పదమూడు.

పృథ్వీ వేసిన కేకకు వీధిలో కుక్క లేచింది. "హిమబిందుని భుజాన వేసుకున్నాను! గొడ్డలి పారేశాను!" మొసలిని చంపలేదు, నిధి దొరకలేదు, ఉన్న ఆయుధం పోయింది. అయినా జెర్రుల రోజు కూడా వాడింత గోల చేయలేదు.

బస్సు టైమైంది. మెట్లు దిగుతూ పృథ్వీ వెనక్కి తిరిగాడు. "మామ్మా, వచ్చే ఆదివారం దాకా ఆ బుక్ నీ దగ్గరే పెట్టుకో. మొసలికి ఇరవై ఎనిమిదే ఉండాలి."

తాయారమ్మ చేతులు తుడుచుకుని నోటుబుక్కును బియ్యం డబ్బా మీద పెట్టింది. "ఎవులు ముట్టుకుంటారో నానూ సూత్తాను."

"అది లేకుండా నేనెలా రాయను మామ్మా?" మంజుకు ఏడుపొక్కటే తక్కువ. "మొసలి చచ్చాక వీళ్ళు దూరాల్సిన గుహ లోపలి కథ మూడు పేజీలు రాశాను, అంతా దండగ. ఇప్పుడు వీళ్ళు కొండ దిగరు, అది కొండ ఎక్కదు. కొట్లాట ఎలా పెట్టాలి?"

"అయితే రోజూ ఒచ్చి నా ఎదర కూకుని రాసుకో, మాస్టరమ్మా," అంది తాయారమ్మ, రొయ్యల గిన్నె ఎత్తుకుంటూ. "ముందు ఆ మొసలికి ఆకలేత్తే ఏటి తింటాదో సెప్పు."

అది మాత్రం మంజు ఎప్పుడూ ఆలోచించలేదు. విసుగ్గా మెట్ల మీదే కూలబడి, రబ్బరు జేబులో పెట్టుకుని, పెన్సిల్ తీసి నోటుబుక్కు అడిగింది.