చెన్నమ్మ చేతి మీది రెండక్షరాలు

రత్తమ్మకు కోపమొస్తే సింగపూరు ఆంగ్ మో కియోలో వాళ్ల బ్లాకు లిఫ్టు ఆవిడ అంతస్తులో ఆగడానికి జడిసి పైకి పోయేదని చెప్పుకుంటారు. అందులో సగమైనా నిజమే. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ముప్ఫై ఒక్కేళ్లు కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో మైక్రోస్కోపుకు కన్ను ఆనించి, వెంట్రుకకన్నా సన్నని తీగల్లో తప్పులు పట్టింది. చుక్క తేడా వచ్చినా ఊరుకునేది కాదు.

ఆ కన్నే ఆ ఆదివారం కౌశిక్ కొంప ముంచింది.

కౌశిక్‌ది చాంగీలో బ్యాంకు ఉద్యోగం. సెలవు రోజుల్లో కెమెరా పట్టుకుని, సింగపూరు తెలుగువాళ్ల మూలాలంటూ ఏడాదిపాటు ఇల్లిల్లూ తిరిగి పాత ఫొటోలు పోగుచేశాడు. యీషున్ హాల్లో ఒక్కరోజు ప్రదర్శన పెట్టాడు. నడిమి గోడ మీద రత్తమ్మ నాయనమ్మ చెన్నమ్మ, మలయా రబ్బరు తోటలో నిలబడి, నిలువెత్తున.

రత్తమ్మ ముఖం చూసి మురిసింది. చెయ్యి చూసి మండిపడింది.

"ఒరే, మా నాయనమ్మ పచ్చబొట్టు ఏదిరా?"

"అదా ఆంటీ? ఫంగస్ మరక అనుకుని క్లీన్ చేసేశా. స్కిన్ ఎంత స్మూత్‌గా వచ్చిందో చూడండి!"

"మరకా! అది మా ఇంటిపేరురా, తింగరోడా!"

తప్పిపోయినా ఇంటికి చేర్చడానికని, ఓడెక్కే ముందు చెన్నమ్మకు అత్తగారు పొడిపించిన పచ్చబొట్టది. రేవులో గుమాస్తా 'చెన్నమ్మ, మద్రాసు' అని రాసుకుని చేతులు దులుపుకున్నాడు. ఊరి పేరు అక్కడే మునిగింది. ఆవిడ కొడుకు, రత్తమ్మ తండ్రి, అడగలేదు, ఆవిడ చెప్పకుండానే పోయింది. మిగిలింది చేతి మీది 'గొర్లె' ఒక్కటే. రత్తమ్మకు తెలుగు చదవడం రాదు. ఆ రెండక్షరాల వంపులు మాత్రం కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి. షిప్‌యార్డులో పనిచేసే శ్రీకాకుళం మనుషులు ప్రదర్శనకు వస్తారు, ఒక్కడైనా గుర్తుపట్టకపోతాడా అనే ఆశతోనే ఫొటో ఇచ్చింది.

"నెక్స్ట్ వీక్ మళ్లీ ప్రింట్ చేసిస్తా ఆంటీ. ఎవరూ చూడరు లా," అని సింగపూరు తోక తగిలించాడు.

"లా లేదు, గీలా లేదు! వచ్చే వారం ఈ గోడ దగ్గరికి ఆ షిప్‌యార్డు వాళ్లొస్తారా? మీ తాత పేరు ఎవడైనా మరకని తుడిచేస్తే నీకు స్మూత్‌గా ఉంటుందా?"



రత్తమ్మ చేతిసంచిలోంచి కాటుక పెన్సిలు తీసింది. "అయ్యో, ప్రింట్!" అంటూ అడ్డం రాబోయిన వాణ్ణి చూపుతోనే నిలబెట్టేసింది. అంత కోపంలోనూ ఫ్యాక్టరీ చెయ్యి గీత తప్పలేదు. చెన్నమ్మ ముంజేతి మీద ఏడు చుక్కలు, నడుమ రెండక్షరాలు.

కౌశిక్ కూడబలుక్కుని చదివాడు. "గొ...ర్రె. షీపా ఆంటీ?"

"గొర్రెవి నువ్వు!"

ఆ కేకకు వడల పళ్లెంతో పోతున్న శ్రీకాకుళం మనిషి, షిప్‌యార్డు మారయ్య ఆగిపోయాడు. గోడ మీది చేతిని తేరిపార చూశాడు.

"గొర్లోరా! మా కాడ సేనామంది ఉన్నారమ్మా. మీది ఏ ఊరు?"

"నన్నడుగుతావేంటి? నువ్వు చెప్పాలనే కదా రాసి చచ్చాను!" అని కసిరి, కుర్చీ లాగి అతని ముందు ధభీమని వేసింది. "కూర్చో. గొర్లెవాళ్లున్న ఊళ్లన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పు. ఒరే కౌశిక్, రాసుకో. ఈసారి ఏదీ తుడవకు."