మాటసాయం

నిప్పును మొదట రాజేసింది ఎవరో, చక్రాన్ని మొదట దొర్లించింది ఎవరో చరిత్ర రాసిపెట్టుకోలేదు. అటువంటి ఘోరమైన పొరపాటు మళ్ళీ జరగకూడదన్న సదుద్దేశంతో, ఎదుటివాడి నోట్లో ఆగిపోయిన మాటను అందించకుండా ఉండలేని ఒక మహానుభావుడి సంగతి ఇక్కడ నమోదు చేయడమైనది.

ఆయన ఒక నాటకాల కంపెనీలో ప్రాంప్టరు. తెర పక్కన చీకట్లో పుస్తకం పట్టుకుని కూర్చుని, నటుడు మాట మరిచిపోతే మెల్లిగా అందించడం ఆయన ఉద్యోగం. తెర పడ్డాక నటులు రంగు కడుక్కునేవారు గానీ, ఈయన మాత్రం డ్యూటీ దిగేవాడు కాదు. అందుకే ఊరంతా ఆయన్ని ‘మాటసాయం’ అనేవారు.

ఒకసారి బస్సులో ముందు సీటు కుర్రాడు పక్కనున్న అమ్మాయితో, “నువ్వంటే నాకు...” అని గుటకలు మింగుతున్నాడు.

“ప్రాణం,” అని వెనక సీట్లోంచి అందింది.

“అదే,” అన్నాడు కుర్రాడు కంగారుగా. అతను అనబోయింది ‘భయం’ అని పెళ్ళయ్యాక గానీ బయటపడలేదు.

సెలవు రోజుల్లో టీవీ ముందు కూర్చుని వార్తలు చదివేవాళ్ళకు అందించేవాడు. వాళ్ళెవరూ ఎక్కడా తడబడకపోవడం చూసి దిగులుపడేవాడు.

ఈ విద్య వల్ల అందరికంటే నష్టపోయింది ఆయన భార్య. మొగుడితో మనసారా పోట్లాడే భాగ్యం ఆవిడకు లేదు.

“మిమ్మల్ని కట్టుకుని నేను...” అని ఊపిరి తీసుకునేలోపు, “ఏం సుఖపడ్డాను,” అని అందించేవాడు.

“నన్ను మాట్లాడనివ్వరా?”

“కానీ, కానీ. తర్వాతది ‘మా అక్కను చూడండి.’”

చూడవలసిన అక్కే మరి. ఆవిడ మొగుడు, అంటే మన మాటసాయానికి తోడల్లుడు, గుమస్తాగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, ఇప్పుడు చుట్టాలు కంటికి ఆననంత ఎత్తులో ఉన్నాడు. తన కొత్త ప్రమోషను విందులో ఆయన లేచి, “నా ఈ విజయానికి కారణం...” అని గంభీరంగా ఆగాడు.

“మామగారి సిఫార్సు,” అని చివరి బల్ల దగ్గర్నుంచి మెత్తగా అందింది.

“ఆగాడు కదా, మరిచిపోయాడేమో అనుకున్నానే,” అని ఇంటికొచ్చాక మాటసాయం ఎంతో బాధపడ్డాడు.

ఇలా ఉండగా కంపెనీ మేనేజరు రిటైరయ్యాడు. యజమాని మాటసాయాన్ని పిలిచి, సొంత గది, తలుపు మీద బోర్డు, గిరగిరా తిరిగే కుర్చీ ఇస్తానన్నాడు.

“కుర్చీ తిరిగితే స్టేజీ ఎటుందో తెలియదండి,” అని ఈయన నమస్కారం పెట్టి వచ్చేశాడు.

ఇల్లాలికి కడుపు మండిపోయింది. “అక్కావాళ్ళింట్లో ‘మీవారేం చేస్తారు’ అని అడిగితే ఏం చెప్పను? నాటకాల్లో మాట్లాడతారు, కానీ వినపడదు అని చెప్పనా?”

“అందరూ పైకెక్కేస్తే కింద నిచ్చెన ఎవరు పట్టుకుంటారే?”

“మీరు పట్టుకునే ఉండండి. నేనే వెళ్ళి అడుగుతాను.”

రెండు రోజులు అంట్లు తోముతూ వల్లెవేసింది: మా ఆయనకు మేనేజరు పోస్టు ఇప్పించండి. మూడో రోజు కంపెనీకి బయల్దేరింది.

అక్కడ రిహార్సల్ జరుగుతోంది. యజమాని నాటకంలోని సింహాసనం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. “రామ్మా, పైకి రా,” అన్నాడు. ఆవిడ స్టేజీ ఎక్కింది. ముఖాన దీపాలు, చుట్టూ కిరీటాలు పెట్టుకున్న నటులు. అందరూ ఆవిడనే చూస్తున్నారు.

“అయ్యా, మా ఆయనకు...”

అంతే. మిగతాది ఎటుపోయిందో పోయింది. ఎవరో కిసుక్కుమన్నారు.

“మేనేజరు పోస్టు ఇప్పించండి,” అని పక్కనుంచి మెల్లిగా అందింది.

ఆవిడ తల తిప్పింది. చీకట్లో, ఒక కాలు పొట్టిదైన స్టూలు మీద మొగుడు సగం లేచి, ఆవిడకేసి వంగి ఉన్నాడు. ఆ మాట ఆవిడ అంటే రేపటి నుంచి ఆ చీకటీ ఆ పుస్తకమూ ఉండవని ఆయనకు తెలియదా? తెలుసు. కానీ పదిమంది ముందు ఒక మనిషి మాట రాక నిలబడిపోయింది. ముందు ఆవిణ్ణి ఒడ్డున పడెయ్యాలి. తన సంగతి తర్వాత.

వినపడలేదనుకుని కాస్త గట్టిగా మళ్ళీ అందించాడు. “మేనేజరు పోస్టు...”

“మా ఆయనకు ఆ స్టూలు కుంటుతోందండి,” అంది ఆవిడ. “కొత్తది ఇప్పించండి.”

“అది కాదే,” అన్నాడు ఆయన చీకట్లోంచి, ప్రాణం విలవిల్లాడుతుండగా. “మేనేజరు పోస్టు.”

యజమాని టీ కప్పు కింద పెట్టాడు. “రెండూ వినపడ్డాయమ్మా. ఏదివ్వమంటావు?”

“స్టూలేనండి. మీరు కాసేపు ఊరుకుంటారా?” రెండో మాట మొగుడికి.

ఆయన అందించిన మాటను ఆ స్టేజీ మీద కాదన్నది, తరతరాల నటీనటుల్లో, ఆవిడ ఒక్కతే.

మేనేజరు పోస్టు గేటు దగ్గర టికెట్లు చింపే ఆయనకు ఇచ్చారు. బాగానే చేస్తున్నాడు.