బిర్యానీలో పడిన చలువ బెరడు

అమెరికాలో డాక్టరు దగ్గరికెళ్లి "వేడి చేసింది" అని చెప్పి చూడండి. నేను చెప్పాను. ఆవిడ థర్మామీటరు పెట్టి చూసి, జ్వరం లేదు, సంతోషించమంది. నేనంటున్నది జ్వరం కాదు తల్లీ, యాభై దాటాక ఉన్నట్టుండి ఒంట్లోంచి లేచే ఆవిరి గురించి అని ఇంగ్లీషులో విడమరిచి చెప్పాక, ఈ వయసులో అది మామూలేనని నవ్వింది. మామూలే కావచ్చు. కానీ మా ఊరు ట్రాయ్‌లో మంచు కురుస్తుంటే కిటికీ తీసి తల బయటపెట్టే మనిషికి అలా అనిపించదు. మా ఆయన రెండు స్వెటర్లు వేసుకుని హీటర్ పెంచేవాడు. నేను వెనకాలే వెళ్లి తగ్గించేదాన్ని. ఆఫీసులో మీటింగ్ మధ్యలో చెమటలు పడుతుంటే, నెర్వస్‌గా ఉన్నావా అని మా కుర్ర మేనేజరు జాలిగా అడిగాడు. వాడి వయసెంతో నా సర్వీసంత.

ఈ దేశంలో నా మాట అర్థమైంది ఒక్కరికే, పక్కింటి చైనా ఆంటీకి. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. ఆవిడ దొండకాయలు ఎరగదు, నేను ఆవిడ పెంచే ఆకుకూరల పేర్లు ఎరగను, అయినా కంచె మీదుగా ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పుడూ ఆగలేదు. ఒకరోజు చెమట తుడుచుకుంటూ, "లోపల వేడి" అని వచ్చీరాని వివరణ ఏదో ఇచ్చాను. ఆవిడ వెంటనే తల ఊపింది. వాళ్లకీ మనలాగే ఒంటికి వేడి చేసేవి, చలువ చేసేవి ఉన్నాయట. అల్లం వేడి, పెసలు చలువ. అచ్చం మా అమ్మ చెప్పినట్టే చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ వాకిట్లో ఒక పియొనీ పొద ఉంది. వసంతంలో ఒక్కో పువ్వూ పళ్లెమంత పూస్తుంది, రోడ్డు మీద వెళ్లేవాళ్లు కార్లు స్లో చేసి చూసి వెళ్తారు. దాని వేరు బెరడు వాళ్ల వైద్యంలో మంచి చలువ మందట. ఆకులు రాలే కాలంలో ఆవిడ నాకోసం ఆ పొదలో సగం తవ్వేసింది. వేళ్లు కడిగి, చీల్చి, మధ్యలో పుల్ల లాగేసి, బెరడు గరాజ్‌లో ఫ్యాన్ గాలికి ఆరబెట్టింది. ఎండాక అవి చిన్న చిన్న గొట్టాల్లా చుట్టుకున్నాయి. పైన గోధుమరంగు, లోపల లేత గులాబీ. బ్రెడ్ కవర్లో పోసి నా చేతిలో పెట్టి, నీళ్లలో కాచి తాగమంది. తాగుతానన్నాను. మా డాక్టరుని ఒక మాట అడుగుదామని మెసేజ్ పెట్టి, జవాబు వచ్చేదాకా కవరు కిచెన్‌లో మసాలా డబ్బాల పక్కన ఉంచాను.

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో కోత పండుగ. ఆరాధన తర్వాత తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్. మా ఆయన వంటింట్లోకి వచ్చేది ఏడాదికి ఆ ఒక్కరోజే, బిర్యానీ వండడానికి. ఆ రోజు ఎవరి మాటా వినడు. చర్చిలో భోజనాల దగ్గర నా పళ్లెంలో ముక్క పక్కన ఒక గులాబీరంగు గొట్టం కనిపించింది. నోట్లో పెట్టుకుంటే నాలుక చురుక్కుమంది. ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను. ఎంతో గర్వంగా, కొత్త దాల్చినచెక్క దొరికింది, వాసన బాగుందని మొత్తం వేసేశానన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇంతలో పాస్టరుగారు వచ్చి, బ్రదర్ చేతి బిర్యానీ ఈసారి కడుపులో ఎంతో చల్లగా ఉందని మెచ్చుకుని రెండోసారి పెట్టించుకున్నారు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు డాక్టరు జవాబు కూడా వచ్చింది, కొద్దిగా తాగితే ఫర్వాలేదని.

తాగడానికి ఏముంది నా మొహం. అదే పూట పక్కింటావిడ కంచె దగ్గరికొచ్చి, తాగావా అని అడిగింది. అబద్ధం చెబుదామనుకున్నాను కానీ ఆ కళ్లలోకి చూసి చెప్పలేకపోయాను. జరిగింది చెప్పాను. ఆవిడ ఎంతమంది తిన్నారని అడిగింది. చర్చి మొత్తం అన్నాను. కంచె పట్టుకుని ఊగిపోతూ నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ గరాజ్‌లోకి వెళ్లి పార పట్టుకుని తిన్నగా మిగిలిన సగం పొద దగ్గరికి నడిచింది.

నేను కంచె చుట్టూ తిరిగి పరుగెత్తి పార పట్టుకున్నాను. వద్దన్నాను. పొద పోతే వచ్చే ఏడు పువ్వు ఉండదన్నాను. ఆవిడ పార వదల్లేదు.

"పువ్వుదేముంది, చూడ్డానికే కదా," అంది. "మా అమ్మాయికి ఇన్నేళ్లుగా కాచి ఇస్తే ఒక్కసారి తాగలేదు. నువ్వు తాగుతానన్నావు."

కాలిఫోర్నియాలో ఉన్న ఆ కూతురి గురించి ఆవిడ ఎప్పుడో ఒకసారి చెప్పింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, అమ్మ మందులంటే నవ్వుతుందట. ఆవిడకి కావలసింది నా వేడి తగ్గడం ఒక్కటే కాదు, తన చేతిది ఎవరో ఒకరు తాగడం. "తాగుతాను ఆంటీ," అన్నాను. "పొద జోలికి మాత్రం వెళ్లకండి. కొట్లో కొందాం, మా ఇంట్లో మీరే కాచి పెట్టండి."

పక్క ఊళ్లో చైనా సరుకుల కొట్టుకి డ్రైవ్ చేసుకుని వెళ్లాం. ఆవిడ ప్రతి ప్యాకెట్టూ అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది. కొట్టువాడి ముందే దుమ్ము, చెత్త అంటూ, చివరికి ఒకటి కొననిచ్చింది. మా వంటింట్లో పొయ్యి ముందు నిలబడి, నన్ను గిన్నె ముట్టుకోనివ్వలేదు. మా ఆయన్ని గుమ్మం దాటి రానివ్వలేదు, అది న్యాయమే. కషాయం చేదుగా, ఏదో పాతకాలపు మందులకొట్టు వాసనతో ఉంది. ఆవిడ నా మొహమే చూస్తోంది. గటగటా తాగేశాను. ఇంకా కావాలన్నాను. ఆవిడ మురిసిపోయి రెండో కాపు పొయ్యి మీద పెట్టింది.

అది మరుగుతుండగా కూతురికి వీడియో కాల్ చేసి, ఫోన్ నా చేతికిచ్చింది. సాక్ష్యానికన్నమాట. ఖాళీ కప్పు ఎత్తి చూపించాను. అటునుంచి ఆ అమ్మాయి నవ్వింది. అమ్మాయేమిటి, నలభై ఎనిమిదేళ్ల మనిషి, నుదుటి మీద జుట్టు చెమటకి అంటుకుని ఉంది. వెనకాల ఫ్యాన్ తిరుగుతోంది. ఆ చెమట నాకు బాగా తెలిసిన చెమటే.

"అది నిజంగా పనిచేస్తుందా?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

నాకింకా తెలీదన్నాను. ఆ అమ్మాయి నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుంది. తర్వాత, "ఎలా కాయాలో అమ్మని అడిగి చెబుతారా?" అంది.

ఆంటీ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. వాళ్ల భాషలో మొదలుపెట్టి, చేతులు తిప్పుతూ, ఆపకుండా చెబుతూనే ఉంది. గిన్నెలో కషాయం పొంగి పొయ్యంతా పారింది. ఆవిడ అటు చూడనే లేదు. నేనే వెళ్లి పొయ్యి ఆపాను.