బాట మీద ముళ్లకంప

దూలపల్లి అడవిలో పదేళ్లుగా ఒకే బాటలో నడుస్తున్నాను. ఆ బాటకు అడ్డంగా ఎవరో ముళ్లకంప వేస్తున్నారని పోయిన వారం ఇక్కడే ఒక పోస్టు రాసి మండిపడ్డాను. మేకలు కాసేవాళ్ల పనేనని తేల్చేసి, అటవీశాఖకు ఫిర్యాదు కూడా పంపాను.

ఈ పొద్దున ఆ కంపను చేతికర్రతో పక్కకు నెడుతుంటే, రోజూ అక్కడ మేకలు కాసే మరియమ్మ కేకేసింది.

"ఓ సారూ, ఆగుండ్రి! గాడ తీతువు పిట్ట గుడ్లున్నయ్. తొక్కుతరనే కంపేసిన."

వంగి చూశాను. గులకరాళ్ల మధ్య మూడు మచ్చల గుడ్లు. రాళ్లనే అనుకున్నాను ఇన్నాళ్లూ. పక్షుల మీద నా అలమారలో ఉన్న పుస్తకాలన్నీ దండగ.

"నీ మేకలేవమ్మా?"

"ఎవరో సదువుకున్న పెద్దమనిషి రాసిండంట, మూడొద్దుల సంది రానిస్తలేరు. గుడ్లెట్లున్నయో సూసిపోదామని ఒక్కదాన్నే వచ్చిన."

ఆ పెద్దమనిషిని నేనేనని చెప్పకుండానే కంపను మళ్లీ అడ్డంగా పెట్టాను. ఇంటికి వచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాశాను. ఆమె ముందు నిలబడి నిజం ఒప్పుకోవడమే మిగిలింది.

పోయిన వారం "మేకలవాళ్లకు బాగా గడ్డి పెట్టారు" అని నన్ను మెచ్చుకున్న మిత్రులారా, ఈ రోజు నాకు పెట్టండి.