మిగిలిన నూట ఇరవై ఒకటో కార్డు

పెళ్లి తేదీని నూట ఇరవై కుటుంబాలకు తన చేత్తో రాసి తెలిపిన మనిషికి ఆ పెళ్లికి పిలుపు లేదు. ఆమె గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టే బైండరు; అందరూ బైండింగు పెద్దమ్మ అంటారు. చెల్లెలు పోయాక ఆమె పసిబిడ్డను పెళ్లీడు దాకా పెంచింది ఈ పెద్దమ్మే. ఆ పిల్లకు సంబంధం కుదరగానే, "పెళ్లి తేదీ ముందుగా తెలిపే కార్డులు కొంటారుటే? నా చేతులేమైనా పడిపోయాయా?" అంటూ అట్టలు ముందేసుకుని కూర్చుంది. ప్రతి మడతనూ బొటనవేలి గోటితో నొక్కి, నీలం దారం ముడివేసి, "ఆ రోజును మా కోసం అట్టేపెట్టండి" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. పెళ్లికూతురి తండ్రి ఇచ్చిన జాబితాలో తన పేరు కనబడకపోతే, ఇంటిమనిషికి కార్డెందుకని నవ్వుకుంది.

పాడైతే పనికొస్తుందని, ఏ పనికైనా అట్ట ఒకటి ఎక్కువ కోసుకోవడం ఆమె అలవాటు. ఈసారి ఒక్కటీ పాడవలేదు. "ఒకటి మిగిలిందే, ఎవరి పేరు రాయను?" అని అడిగింది. పిల్ల తలెత్తలేదు. "నువ్వే దాచుకో పెద్దమ్మా. హాలు చిన్నది. నాన్న ఆఫీసువాళ్లతోనే మన వైపు నిండిపోయింది. ఏమీ అనుకోకు." "అనుకోవడానికేముందే, అట్టలైతే ఇంకొకటి కోసేదాన్ని, కుర్చీలు నా చేతిలో లేవుగా," అంది పెద్దమ్మ. తర్వాత వేళ్లమీద ఎండిన జిగురును చాలాసేపు గోకుతూ ఉండిపోయింది. ఆ రోజుకని అప్పటికే పెట్టిన సెలవు చీటీని మాత్రం వెనక్కి తీసుకోలేదు. తండ్రిగారూ, అమ్మాయీ, మీ కార్డు కోరినట్టే ఆమె ఆ రోజును అట్టేపెట్టుకుంది. మిగిలిన ఆ కార్డు మీద ఆమె పేరు మీ చేత్తో రాసి, ఇద్దరూ స్వయంగా వెళ్లి ఇవ్వండి.